వ్యాయామమా, ఉద్యోగమా?

2020 ఏప్రిల్ 7న ఉత్తర లండన్‌లో, బార్నెట్ దగ్గర హాడ్లీ కామన్ అనే పచ్చిక బయల్లో ఒక ఫుట్‌బాల్ ప్రాక్టీస్ జరిగింది. చేయించింది అప్పటి టోటెన్‌హామ్ హాట్‌స్పర్ మేనేజర్ జోసే మౌరిన్యో, చేసింది ఆ క్లబ్బు మిడ్‌ఫీల్డర్ టాంగీ ఎండోంబెలే. ఫొటోలు, వీడియోలు చూస్తుండగానే దేశమంతా తిరిగాయి. అదే క్లబ్బుకు ఆడే డావిన్‌సన్ సాంచెజ్, ర్యాన్ సెసెన్యాన్ పక్కపక్కనే పరుగెడుతూ కెమెరాకు చిక్కారు. లాక్‌డౌన్ మొదలై అప్పటికి రెండు వారాలు. ముందు రోజు రాత్రే ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్‌ని ఐసీయూకి మార్చారు. మౌరిన్యో తప్పు ఒప్పుకున్నాడు, పత్రికలు ఇంకో వార్త మీదికి మళ్లాయి.

మా ఇంట్లో మాత్రం ఆ తగువు ఇంకా తెగలేదు. ఒక పక్క మా మామయ్య: సికింద్రాబాద్‌లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి, గోల్‌పోస్టు లేని స్కూల్లో కూడా ఫుట్‌బాల్ టీమ్ తయారు చేసినవాడు. ఇంకో పక్క ఆయన మేనకోడలు: లండన్‌లో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆ ఏడాది మార్చిలో ఆమెను మోకాళ్ల వార్డు నుంచి తీసి ఐసీయూలో వేశారు. వెంటిలేటర్ మీదున్న రోగుల్ని బోర్లా తిప్పి పడుకోబెట్టే జట్టులో పని. మొన్న సెలవుల్లో ఆమె వచ్చినప్పుడు మాట మళ్లీ రేగింది. మధ్యలో కూర్చున్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను. నా మొగ్గు ఎటో చదివేవాళ్లకి తెలిసిపోతుంది, దాచిపెట్టే ఉద్దేశం లేదు.

మామయ్య: ముందు ఇది తేల్చవే అమ్మాయ్. ఆ రోజు మౌరిన్యో చేసిన ఘోరం ఏంటి? మూసిన గది కాదు, బయలు. గుంపు లేదు. పార్కులో కుక్కల్ని తిప్పుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉండుంటారు.

మేనకోడలు: తప్పేంటో ఆయనే చెప్పాడు కదా మామయ్యా. ఒకే ఇంట్లో ఉండేవాళ్లతో తప్ప ఎవరితోనూ కలవకూడదు, నేను చేసింది ప్రభుత్వం చెప్పినదానికి విరుద్ధం అన్నాడు.

మామయ్య: దేశం దేశం మీద పడితే ఒప్పుకోక చస్తాడా? నేనడిగేది చట్టం. అక్కడి చట్టం ఏమంది?

మేనకోడలు: చట్టం మీరు అనుకున్నదానికంటే మెత్తగానే ఉంది. ఇద్దరికి మించి బయట గుమికూడకూడదు. వ్యాయామానికి బయటికి రావచ్చు. ఇంటి నుంచి చేయలేని ఉద్యోగమైతే పనికి వెళ్లొచ్చు. పనికి తప్పనిసరైతే ఇద్దరికి మించి కలవొచ్చు కూడా. రోజుకి ఒక్కసారే వ్యాయామం, మనిషికీ మనిషికీ రెండు మీటర్లు అన్నవి ఇంగ్లండ్‌లో ప్రభుత్వం చెప్పిన జాగ్రత్తలే. అక్షరాలా చట్టంలో లేవు.

మామయ్య: అదీ! ఫుట్‌బాలర్ ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసేదా? వాడు పనికి వెళ్లాడు. తాపీమేస్త్రీలు వెళ్లలేదూ? ఇంగ్లండ్‌లో ఇళ్ల కట్టుబడి ఆపమనలేదని నువ్వే అన్నావు.

మేనకోడలు: నా కోపమంతా అక్కడే. పని అయితే పని అని చెప్పాలి. పని అన్నాక యజమాని ఉంటాడు, పనిచోటు ఉంటుంది, అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే జవాబుదారీ ఉంటుంది. ఆ క్లబ్బు తన ట్రైనింగ్ గ్రౌండుని తనే మూసుకుంది, ప్రమాదమని. గేటు లోపల ప్రమాదమైంది గేటు బయట పార్కులో ఎలా కాకుండా పోతుంది? పోనీ వ్యాయామం అనుకుందాం. వ్యాయామమైతే నాలాగే, మా పక్కింటి ముసలాయనలాగే ఒక్కడే చేసుకోవాలి. మేనేజర్ ఎందుకొచ్చాడు? పేరేమో వ్యాయామం, ఫలం మాత్రం ఉద్యోగానిది. రెంటిలోనూ లాభమున్న సగాలే ఏరుకున్నారు.

మామయ్య: అబ్బో, లాయరు మాటలు.

మేనకోడలు: లాయరు మాటలు మీరే అడిగారు.

మామయ్య: సరే, చట్టాన్ని పక్కనబెట్టు. ఒంటి సంగతి మాట్లాడదాం, అది మనిద్దరికీ వచ్చిన విద్యే. సంగీతం పాడేవాడు తలుపేసుకుని సాధకం చేసుకోవచ్చు. ఫుట్‌బాలర్‌కి గది చాలదు. మ్యాచ్‌లో పది, పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో నడకా, మెల్లటి పరుగూ ఎక్కువ, అవి ఎవడైనా చేస్తాడు. ఆట తేలేది మధ్యమధ్య వేసే స్ప్రింట్ల మీద. గంటకి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వేగం, దాని మీద ఠక్కున ఆగడం, పక్కకి తిరగడం, ఎదుటివాడి భుజం తగిలాక కూడా నిలదొక్కుకోవడం. క్లబ్బులు ఇళ్లకి సైకిళ్లు పంపాయి, బయర్న్ మ్యూనిక్ వాళ్లు వీడియో కాల్‌లో అందరి చేతా ఒకేసారి కసరత్తులు చేయించారు. బాగానే ఉంది. సైకిల్ తొక్కితే గుండె ఆడుతుంది, ఒప్పుకుంటాను. తొడ వెనక కండరం, హామ్‌స్ట్రింగ్ మాట? కాలు విసిరి, పాదం నేలకి తాకబోయే ముందు ఆ కండరం సాగుతూనే బరువు పట్టాలి. సైకిల్ మీద ఆ పని దానికి తగలనే తగలదు. నెలన్నర దాన్ని పడుకోబెట్టి, ఓ శనివారం పొద్దున లేపి పరిగెత్తమంటే పట్టేయదా?

మేనకోడలు: పట్టేస్తుంది. మీరు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కాదనలేను. రెండు వారాలు ఆపితేనే రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది. గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గుతుంది. మునుపు వేసిన పరుగుకే ఎక్కువ ఆయాసం వస్తుంది. అది తిరిగి తెచ్చుకోవచ్చు. టెండన్లే మొండివి. 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో యజమానులకీ ఆటగాళ్లకీ డబ్బు తగాదా వచ్చి నెలల తరబడి క్లబ్బుల గేట్లు మూసేశారు. తెరిచి శిబిరాలు పెట్టాక నెల తిరక్కుండా పన్నెండు మందికి మడమ వెనకుండే అకిలీస్ టెండన్ తెగింది.

మామయ్య: నా వాదన నువ్వే చేస్తున్నావే!

మేనకోడలు: ఆ పన్నెండు మంది చెప్పేది ట్రైనింగ్ ఆపొద్దని కాదు మామయ్యా, మొదలుపెట్టేటప్పుడు తొందరపడొద్దని. ఆరు వారాలు ఆగితే ఇంకో ఆరు వారాలు ఇచ్చి మెల్లగా ఎక్కించాలి. ఇవ్వనిది ఎవరు? వైరస్సా, టీవీ ఒప్పందమా? లీగు ఆగిపోతే 762 మిలియన్ పౌండ్ల నష్టమని ప్రీమియర్ లీగ్ తన క్లబ్బులకి ఏప్రిల్ మొదట్లోనే లెక్క చెప్పింది. హామ్‌స్ట్రింగ్ మీద ప్రేమ అక్కడి నుంచి పుట్టింది.

మామయ్య: డబ్బు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని చూసి ముక్కు మూసుకోవడం సుళువే. ఆ డబ్బులోనే గ్రౌండు మీద గడ్డి కోసేవాడి జీతం ఉంది.

మేనకోడలు: ఆ గడ్డి కోసేవాడిని ముందుగా ఫర్లోలో పెట్టి, అతని జీతం ప్రభుత్వాన్ని కట్టమన్నదీ పెద్ద క్లబ్బులే. లివర్‌పూల్, టోటెన్‌హామ్ రెండూ పెట్టాయి. అభిమానులు తిడితే వెనక్కి తీసుకున్నాయి.

(ఇక్కడ మామయ్య టీ కప్పు పక్కన పెట్టారు. ఆయనకి క్లబ్బుల మీద ప్రేమ లేదు. ఉన్నదల్లా గ్రౌండు మీద. మేనకోడలు ఆ రెంటినీ ఒకే కట్టగా కడుతోందని ఆయన బాధ.)

మామయ్య: జర్మనీ సంగతి చెప్పు. అక్కడ ఏప్రిల్ మొదటి వారంలోనే చిన్న చిన్న గుంపులుగా గ్రౌండులోకి దించారు. ఒకేసారి నలుగురైదుగురు, ఒకరి మీద ఒకరు పడకుండా. నెల దాటాకే టీమంతా కలిసింది. మే 16న లీగు మొదలైంది, ఖాళీ స్టేడియంలో డార్ట్‌మండ్ షాల్కేని 4-0తో కొట్టింది. ఆ రోజు ఐరోపాలో పెద్ద లీగు అదొక్కటే నడిచింది. ఏం మునిగింది?

మేనకోడలు: జర్మనీని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. వాళ్లు దాన్ని పని అన్నారు. పనిచోటుకి నియమాలు రాశారు, డాక్టర్లతో కమిటీ వేశారు, లీగు పూర్తయ్యేదాకా ఇరవై వేల పరీక్షలు కావాలి, అవి దేశంలో చేయగలిగిన పరీక్షల్లో అర శాతం కూడా కావు అని ముందే లెక్క చూపించారు. అయినా ఆ డార్ట్‌మండ్ మ్యాచ్‌కే పదిహేడేళ్ల జియో రేనా మొట్టమొదటిసారి మొదటి పదకొండు మందిలో ఆడాల్సింది, వార్మప్‌లోనే కండరం పట్టేసింది. ఆటని నడిపే పెద్దవాళ్లకే తెలుసు శరీరాలు సిద్ధంగా లేవని. అందుకేగా ముగ్గురికి బదులు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లని అనుమతిస్తూ మే 8నే నిబంధన మార్చారు!

మామయ్య: రేనాకి అలా అయిందంటే, ఇంట్లో కూర్చోబెట్టినందుకే అయింది. మరి డైనమో డ్రెస్‌డెన్? రెండో డివిజన్ క్లబ్బు. మళ్లీ మొదలవబోతుండగా ఇద్దరు ఆటగాళ్లకి పాజిటివ్ వచ్చిందని టీము మొత్తాన్ని రెండు వారాలు ఇళ్లలో పెట్టారు. మిగిలినవాళ్లు ఆడుతూనే ఉన్నారు. వీళ్లు బయటికొచ్చాక నెల రోజుల్లోపు తొమ్మిది మ్యాచ్‌లు ఆడించారు. కింది డివిజన్‌కి పడిపోయారు. ట్రైనింగ్ ఆపితే ఏమవుతుందో ఇంతకంటే రుజువు కావాలా? దీన్ని న్యాయమంటావా?

మేనకోడలు: అనను. డ్రెస్‌డెన్‌కి అన్యాయమే జరిగింది. కానీ ఆ అన్యాయం క్వారంటైన్‌లో లేదు, క్యాలెండర్‌లో ఉంది. లీగు ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే?

మామయ్య: ఎవరో ఒకరి కోసం లీగు ఆగదమ్మా.

మేనకోడలు: అదే నేనంటోంది.

(ఆ జర్మనీలోనే ఇంకో ముచ్చట కూడా జరిగింది. ఆగ్స్‌బర్గ్ కోచ్ హైకో హెర్లిచ్, టీమంతా హోటల్లో క్వారంటైన్‌లో ఉండగా టూత్‌పేస్టూ స్కిన్ క్రీమూ కొనడానికి బయటికి వెళ్లాడు. ఆ సంగతి విలేఖరుల ముందు తనే చెప్పేసుకున్నాడు. మే 16 నాటి తన మొదటి మ్యాచ్‌కి దూరమయ్యాడు. ఇరవై వేల పరీక్షల పథకంలో పళ్లు తోముకునే పేస్టు గురించి ఎవరూ ఆలోచించలేదు. నాకు ఆ మనిషి మీద జాలే కలిగింది.)

మామయ్య: ఇంకొకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆటగాడికి ఉన్న వయసు కొంచెమే. నీకు యాభై ఏళ్లొచ్చినా ఫిజియోగా చేస్తావు. వాడికి ముప్పై మూడుకి అయిపోతుంది. అందులో ఒక ఏడాది తీసేయడమంటే మాటలా? మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ని తీసుకో. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉండగా బంగారు పతకం తెచ్చిన టీములో ఉన్నాడు. మర్నాటి ఏడాదికి, ముప్పై నిండకముందే ఆట ముగిసింది.

మేనకోడలు: ఎందుకు ముగిసింది మామయ్యా?

మామయ్య: జబ్బు చేసింది.

మేనకోడలు: ఏ జబ్బు?

మామయ్య: ...ఊపిరితిత్తులది.

(చాలాసేపటికి గానీ మామయ్య మళ్లీ నోరు విప్పలేదు. నా ఎరుకలో ఆయన ఫుట్‌బాల్ వాదనలో ఆగడం అదే మొదలు.)

మామయ్య: అది ట్రైనింగ్‌తో అంటుకున్న జబ్బని ఎవరన్నారు?

మేనకోడలు: నేనూ అనలేదు. ఆట మీద బతికేవాడికి హామ్‌స్ట్రింగ్ ఒక్కటే ఆస్తి కాదు, ఊపిరి కూడా ఆస్తే అంటున్నాను. 2020 వసంతంలో ఈ వైరస్ కుర్రవాళ్ల గుండె కండరానికి, ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో మాకెవరికీ సరిగా తెలియదు. తర్వాత, కోవిడ్ వచ్చి తగ్గిన ఆటగాడికి గుండె పరీక్షలు చేశాకే బరువు పనికి పంపడం రివాజైంది. ఏప్రిల్లో ఆ రివాజే లేదు. తెలియని దాని ముందు నిలబడ్డప్పుడు ఆగడం పిరికితనమా?

మామయ్య: తెలిశాక ఒప్పుకోవాలి మరి. ఆరుబయట అంటుకోవడం చాలా తక్కువని తర్వాత మీవాళ్లే తేల్చారు. మే నెలలో ప్రీమియర్ లీగ్ మొదటి దఫా 748 మంది ఆటగాళ్లనీ సిబ్బందినీ పరీక్షిస్తే ఆరుగురికే వచ్చింది. వాట్‌ఫోర్డ్ డిఫెండర్ ఏడ్రియన్ మారియప్పకి వచ్చింది, ఇల్లు కదల్లేదు, ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు అన్నాడు. గ్రౌండు నుంచి రాలేదుగా! అన్నట్టు ఆ మారియప్ప ఎవరే? పేరు మన దక్షిణాదిదిలా ఉందే.

మేనకోడలు: వాళ్ల నాన్న మూలాలు ఫిజీవి. చెరకు తోటల కూలికి మన తెలుగువాళ్లూ తమిళులూ ఓడలెక్కి వెళ్లిన ఫిజీ. మాట మార్చకండి. ఆరుబయట ప్రమాదం తక్కువన్నది నిజం, నేను ఒప్పుకున్నాను కూడా. హాడ్లీ కామన్‌లో ఆ రోజు ఎవరికీ ఏమీ అంటుకోకపోయి ఉండొచ్చు. నా బాధ అంటువ్యాధి లెక్క ఒక్కటే కాదు. ఆ వారం మా ఐసీయూలో మనుషులు పోతుంటే వాళ్ల వాళ్లు టాబ్లెట్ తెర మీద వీడ్కోలు చెప్పేవాళ్లు. ఆ తెరని మంచం పక్కన పట్టుకుని నిలబడే పని కొన్నిసార్లు నాది. లోపలికి రానివ్వండి, నేను మాస్కు వేసుకుంటాను, ముట్టుకోను అని అడిగిన కొడుక్కి నియమం ఒప్పుకోదని చెప్పింది నేను. ఆ కొడుకు ఇంటికెళ్లి వార్తల్లో మౌరిన్యోని చూసుంటే?

మామయ్య: ఆ కొడుకుని లోపలికి రానివ్వాల్సింది.

మేనకోడలు: ...ఏమో. రానివ్వాల్సిందేమో.

మామయ్య: చూడు, నేను చెప్పేదీ అదే. ఒకడికి జరిగిన కష్టాన్ని ఇంకొకడికి కొలబద్ద చేస్తే అందరూ కష్టపడటమే న్యాయమవుతుంది. ఇక్కడ మార్చి 25 నుంచి మన లాక్‌డౌన్‌లో వ్యాయామానికి గడప దాటనివ్వలేదు. పరుగు మాట అటుంచు, వాకింగ్‌కి వెళ్లినవాళ్లకే లాఠీ దెబ్బలు. మే 18 నుంచి స్టేడియాలు తెరవొచ్చన్నారు, ప్రేక్షకులు లేకుండా. దాంతో ఎంత వ్యాధి ఆగింది, ఎంత ఒళ్లు చెడింది, ఎవరైనా లెక్క కట్టారా? ఇంగ్లండ్ నయం, రోజుకి ఒక్కసారి ఊపిరి పీల్చుకోనిచ్చింది.

మేనకోడలు: ఊపిరి పీల్చుకోనిచ్చింది, అందరికీ ఒకేలా. అందుకే జనం దాన్ని గౌరవించారు. ఒకసారి ఫలానావాళ్లకి వేరు అన్నారో, రెండో రోజుకి ప్రతివాడూ ఫలానావాడే. 2020 మార్చిలోనే చూశాం కదా. ఇళ్లలోనే ఉండండని వీడియో పెట్టిన మర్నాడో ఎప్పుడో ఆస్టన్ విల్లా కెప్టెన్ జాక్ గ్రీలిష్ స్నేహితుడింటికి వెళ్లి, క్షమాపణ చెప్పుకున్నాడు.

మామయ్య: అది పార్టీ. దాన్ని ట్రైనింగ్‌తో కలపకు.

మేనకోడలు: సరే, కలపను.

(ఇంతవరకు ఇద్దరూ తెలిసిన దారిలోనే వెళ్లారు. ఆమె ట్రాయ్ డీనీ పేరు ఎత్తాక మాట ఇంకో మలుపు తిరిగింది.)

మేనకోడలు: మే 19 నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్బులు మళ్లీ ట్రైనింగ్ మొదలుపెట్టాయి. ఐదుగురికి మించకుండా, డెబ్బై ఐదు నిమిషాలకి మించకుండా, ఒకరినొకరు తగలకుండా. అప్పుడు వాట్‌ఫోర్డ్ కెప్టెన్ ట్రాయ్ డీనీ నేను రాను అన్నాడు. ఇంట్లో అయిదు నెలల బాబు, వాడికి ఊపిరి ఇబ్బంది. పైగా నల్లజాతివాళ్లు ఈ జబ్బుతో పోవడం చాలా ఎక్కువగా ఉందని అప్పుడే బ్రిటన్ గణాంకాల కార్యాలయం లెక్క బయటపెట్టింది. వయసు సరిచేసి చూస్తే తెల్లవాళ్ల కంటే నాలుగు రెట్లు పైనే. మీ నియమాల్లో మా సంగతేమైనా ఉందా అని అడిగాడు, జవాబు రాలేదు. ఆ మాటన్నందుకు జనం ఏమన్నారో తెలుసా? నీ కొడుక్కి కరోనా రావాలని దారిలో అరిచారు, ఆన్‌లైన్‌లో రాశారు.

మామయ్య: ఛీ.

మేనకోడలు: ట్రైనింగ్ చేయొచ్చా అని మీరు మొదలెట్టారు. చేయొచ్చు. నేను కాదన్నది పార్కులో దొంగచాటు ట్రైనింగ్‌ని. గేటు తెరిచి, పరీక్షలు చేసి, ఐదుగురిని దించితే నాకు అభ్యంతరం లేదు. ఒకటే షరతు: రాను అన్నవాడికి రాకుండా ఉండే వీలుండాలి. పని అంటే అదే. మా ఆస్పత్రిలో గర్భిణి అయిన సహోద్యోగిని ఐసీయూ నుంచి తప్పించారు, ఆమె బతిమాలుకోలేదు.

మామయ్య: డీనీకి జరిగిందిగా? డాక్టర్లు మాట్లాడాక జూన్‌లో వచ్చాడు. చెల్సీలో కాంటేకి కూడా సెలవిచ్చారు.

మేనకోడలు: అవును, ఇచ్చారు.

మామయ్య: అయితే పేచీ ఏముంది? నేనూ అదే ఒప్పుకుంటాను. కానీ నీ మాటలో ఒక మోసం ఉంది, నీకే కనబడట్లేదు. పని, పని అంటున్నావు. పని అన్నాక జీతం తీసుకునేవాడికే గ్రౌండు. మరి పిల్లలు? 2020 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో రెండోసారి తాళాలు వేసినప్పుడు ప్రీమియర్ లీగ్ నడిచింది, పిల్లల ఫుట్‌బాల్ ఆగింది. మళ్లీ 2021 జనవరి నుంచి మార్చి చివరిదాకా ఆగింది. ఆరుబయట ప్రమాదం తక్కువని అప్పటికే తెలిసి కూడా! మన దగ్గర బళ్లే తెరవలేదు, గ్రౌండు ఎక్కడిది? ఏడో తరగతిలో బంతిని అద్భుతంగా ఆపే పిల్లాడిని వదిలి రిటైరయ్యాను, తొమ్మిదికి వచ్చేసరికి వాడు పరుగెత్తడమే మర్చిపోయాడు, ఒళ్లు వచ్చేసింది. నేను మౌరిన్యో వకాల్తా పుచ్చుకుని మాట్లాడుతున్నానని నీకు అనిపిస్తోంది. కాదు. ఆయన్ని కూడా గ్రౌండులోకి రానివ్వలేదంటే మా పిల్లాడిని ఎవడు రానిస్తాడు?

మేనకోడలు: తిరగేసి చెప్తున్నారు మామయ్యా. జరిగింది రెండోది. ఆయన్ని రానిచ్చారు, పిల్లాడిని రానివ్వలేదు. పేరు పెట్టి మరీ. ‘ఎలీట్’ అనే మాట చట్టంలోకి తెచ్చారు. ఎలీట్ అయితే ఆడొచ్చు. ఎవరు ఎలీట్? ఆ నవంబర్‌లో క్లబ్బుల మగపిల్లల అకాడమీలు ఎలీట్ కింద నడిచాయి, ఆడపిల్లల అకాడమీలు మూతపడ్డాయి. 2021 జనవరిలో మగవాళ్ల ఎఫ్‌ఏ కప్ ఆగలేదు, ఆడవాళ్ల ఎఫ్‌ఏ కప్ ఎలీట్ కాదని ఆపేశారు. 2020 మేలోనే ఆడవాళ్ల సూపర్ లీగ్‌ని మధ్యలో తెంచేసి, తర్వాత పాయింట్ల సగటు మీద చెల్సీకి ఇచ్చారు. మగవాళ్ల లీగుని జూలై చివరిదాకా లాగారు. కండరాలు ఆడవాళ్లకి వేరేగా ఉంటాయా?

మామయ్య: అది ఒట్టి దుర్మార్గం.

మేనకోడలు: దుర్మార్గం కూడా కాదు, బిల్లు. పరీక్షలకి డబ్బున్నవాళ్లు ఎలీట్. మగవాళ్లలోనే మూడో డివిజన్, నాలుగో డివిజన్ క్లబ్బులు పరీక్షల ఖర్చు భరించలేక లీగు ముగించేసుకున్నాయి. ఏ ఒంటికి ట్రైనింగ్ అవసరమో అన్నది మీ ప్రశ్న. అక్కడ తేలింది మాత్రం ఎవరి ట్రైనింగ్‌కి ఎవరు కడతారు అని.

మామయ్య: మరి మన ఇండియన్ సూపర్ లీగ్‌ని గోవాలో, బయటివాళ్లని కలవకుండా బుడగలో పెట్టి ఆడించారుగా. 2020 నవంబర్ నుంచి సీజన్ మొత్తం మూడు స్టేడియాల్లో, ఊళ్లు తిరక్కుండా. ఆ మరుసటి సీజన్ కూడా గోవాలోనే, హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు కొట్టింది. ఏం, తప్పా?

మేనకోడలు: తప్పు కాదు. నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా హోటల్ గదిలో ఉన్నవాళ్లని అడిగితే వాళ్లేమంటారో వేరే సంగతి. అక్కడా అదే షరతు అడుగుతాను: రాను అనగలిగారా?

మామయ్య: నీ షరతు దగ్గరికే వద్దాం. నువ్వు దాన్ని బలంగా పట్టుకున్నావు, నేను అక్కడే గుంజుతాను. డీనీ ఎవరు? కెప్టెన్. కాంటే ఎవరు? ప్రపంచ కప్పు గెలిచినవాడు, ఆయన లేకపోతే క్లబ్బుకే నష్టం. వాళ్లు రాము అంటే మేనేజర్ తల వంచుకుని సరే అంటాడు. బెంచి చివర కూర్చునే పంతొమ్మిదేళ్లవాడున్నాడు. ఇంట్లో ఆస్తమా ఉన్న తల్లి. జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుంది. మేనేజర్ ఫోన్ చేసి, పార్కుకి వస్తావా, నలభై నిమిషాలు చేద్దాం అంటాడు. వాడు రానంటాడా?

మేనకోడలు: అనడు.

మామయ్య: రానని అనలేనివాడికి నీ చట్టం ఏం చేస్తుంది?

మేనకోడలు: అనాల్సిన అవసరమే రాకుండా చేస్తుంది. పార్కుకి పిలవకూడదని మేనేజర్‌నే కట్టేస్తుంది. అందుకే ఏప్రిల్లో నేను అందరికీ ఒకటే నియమం అన్నాను. మీరు హామ్‌స్ట్రింగ్ అన్నారు.

మామయ్య: మేలో గేటు తెరిచాక? అప్పుడు పిలుపు చట్టబద్ధమే. నియమం వాడి వైపు లేదు.

మేనకోడలు: అప్పటికి కాంట్రాక్టులో రాసుండాలి. ఆరోగ్య కారణంతో ట్రైనింగ్‌కి రానివాడి జీతం కోయకూడదు, ఆ కారణంతో కాంట్రాక్టు ఆపకూడదు అని. ఆటగాళ్ల సంఘం పట్టుబట్టి రాయించాలి.

మామయ్య: కాంట్రాక్టు ఆపిన క్లబ్బు ఆ కారణంతోనే ఆపానని కాగితం మీద రాసిస్తుందా? ఫామ్ లేదంటుంది. బరువు పెరిగాడంటుంది.

మేనకోడలు: బరువు పెరిగే ఉంటాడు మామయ్యా. నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు కదా.